చూపులు పంపనక్కర్లేదు

తెలుగు సీరియల్లో అసలు సరుకు ఎంత ఉంటుందో కొలిచి చూసిన మొదటి మనిషిని బహుశా నేనే. గొప్పకి చెప్పడం లేదు, నా ఉద్యోగం అలాంటిది. కాకినాడలో సర్పవరం దాటాక ఒక మూడంతస్తుల మేడలో మా పరిశోధనశాల ఉండేది. ఇళ్లకి ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ ఒకటి దాన్ని నడిపేది. మా నెత్తిన పెట్టిన సమస్య ఒక్కటే, సాయంత్రం ఏడున్నర.

ఏడున్నరకి ఏమయ్యేదో చెప్తాను. అప్పటికి మేడల మీద డిష్ గొడుగులన్నీ పీకేశారు. కేబుల్ వైర్లు కాకులు వాలడానికి తప్ప ఎందుకూ పనికిరాకుండా పోయాయి. టీవీ అంటే ఇంటర్నెట్టే. హాల్లో అత్తగారికి ఒక సీరియల్, గదిలో కోడలికి ఇంకొకటి, మంచం మీద పడుకున్న తాతగారికి ప్రవచనం, పిల్లల చేతుల్లో క్రికెట్టు. పోనీ వీధిలో అందరూ ఒకే సీరియల్ చూస్తారా అంటే, చూస్తారు. కానీ పక్కింటావిడ పోపు పెట్టి వచ్చి రెండు నిమిషాలు ఆలస్యంగా మొదలుపెడుతుంది. ఎదురింటాయన మధ్యలో ఆపి స్నానానికి వెళ్తాడు. ఎవరిది వాళ్లకి విడిగా పంపాలి. వీధికి ఒకటే తీగ, అందులో ఇంటికి నాలుగైదు ధారలు. ఏడున్నర నుంచి తొమ్మిది దాకా ఊరంతా తెరల మీద తెల్ల చక్రం గిరగిరా తిరుగుతూ కూర్చునేది.

కొత్త తీగలు వేస్తే సరిపోదా అని మీరంటారు. వేశాం. ఏడాది తిరిగేలోగా అవీ నిండిపోయాయి. తీగ పెద్దదైందని తెలియగానే జనం ఇంకా పెద్ద టీవీలు కొన్నారు.

"తీగని పెంచింది చాలు, సరుకుని తగ్గించండి హైమా గారూ," అన్నారు మా డైరెక్టర్ చక్రపాణి గారు. ఆయన ఏదైనా అడిగితే అందులో ఇంకో దారి ఉండదు.

అందుకని నేనూ, నా సహోద్యోగి నస్రీనూ 'పాలవెల్లివారిల్లు' అనే సీరియల్ని ముందేసుకుని కూర్చున్నాం. కోస్తాలో అందరూ చూసేది అదే. నాకు సీరియళ్లంటే ఒళ్లుమంట. ఒకావిడ ఒక మాట అంటుంది. వెంటనే ఉరుము. ఇంట్లో ఉన్న పదిమందీ ఒక్కొక్కరే అటు తిరిగి చూస్తారు. ఒకే చూపుని ఎడమ నుంచి, కుడి నుంచి, కింద నుంచి చూపిస్తారు. మళ్లీ ఉరుము. కొలిస్తే తేలిందేమిటంటే, మొత్తం భాగంలో మాటలూ కదలికలూ కలిపి పావు వంతు కూడా లేవు. మిగతావన్నీ చూపులే.

"నస్రీన్, ఈ చూపులు పంపనక్కర్లేదు," అన్నాను. "ఎవరు ఎవర్ని చూశారో చెప్తే చాలు. ఎలా చూశారో ఇంట్లో ఉన్న పెట్టె గీసుకుంటుంది."

అలా పుట్టింది పెట్టె. చిన్న టిఫిను డబ్బా అంత ఉంటుంది, టీవీ వెనకాల పెడతాం. నటీనటుల ముఖాలన్నీ దానికి ముందే నేర్పాం. మేము మాటలు పంపుతాం, కదలికలు పంపుతాం, చూపు దగ్గరికి వచ్చేసరికి 'ఫలానా ఆవిడ ఫలానా ఆవిణ్ని చూసింది' అని ఒక్క ముక్క పంపి ఊరుకుంటాం. ఆ చూపుని పెట్టె తనే తయారుచేసి తెర మీద వేస్తుంది.

నస్రీనే ఒక సందేహం లేవదీసింది. "మేడమ్, అదే చూపుని ఒకళ్లు కోపం అంటారు, ఒకళ్లు బాధ అంటారు. పెట్టెని ఏది వేయమందాం?"

చక్రపాణి గారు తల కూడా ఎత్తలేదు. "ఇంటివాళ్లకి ఏది నచ్చితే అది. ఎక్కడ వెనక్కి తిప్పి చూస్తున్నారో, ఎక్కడ విసుక్కుని కట్టేస్తున్నారో పెట్టెకి తెలుస్తుంది కదా."

నాకూ అది సబబుగానే తోచింది. చూపులన్నీ ఒకటే అనుకున్నాను మరి.

*

ఇంట్లో నా సంగతి వేరు. మా అత్తగారు మంగతాయారు గారు మాతోనే ఉంటారు. మా అమ్మ రత్నమాణిక్యం తణుకులో మా తమ్ముడి దగ్గర ఉంటుంది. ఆ ఇద్దరు వియ్యపురాళ్ల మధ్యా ఒక పనసపొట్టు కూర ఉంది.

నా పెళ్లప్పుడు జరిగింది, ఇరవై రెండేళ్లయింది. వంటవాళ్ల చేతి ఆవ మీద నమ్మకం లేక, మగపెళ్లివారి విందుకి పనసపొట్టు కూర అమ్మే స్వయంగా చేసింది. పెళ్లికొడుకు తల్లికి ముందు వడ్డించి, పక్కనే నిలబడింది. అత్తయ్యగారు ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నారు. తలెత్తి అమ్మని చూశారు. ఒక్క మాట అనలేదు. తల దించుకుని తినేశారు, అంతే.

"నన్ను చిన్నచూపు చూశారు," అని అమ్మ.

"నేను మామూలుగానే చూశానమ్మా," అని అత్తయ్యగారు.

ఏళ్ల తరబడి ఇదే రామాయణం. పండక్కి క్షేమసమాచారాలు నా ద్వారానే. మా అమ్మాయి బారసాలలో చెరో మూలా కూర్చున్నారు. అమ్మ దగ్గరికెళ్తే "మీ అత్తగారు ఆ రోజు..." అని మొదలు. ఇంటికొస్తే "మీ అమ్మ ఇంకా అదే పట్టుకుని వేలాడుతోందా" అని మొదలు. మధ్యలో నా తలప్రాణం తోకకొచ్చేది.

అలాంటి వాళ్లని కలిపింది ఎవరో కాదు, ఈ పాలవెల్లివారే. ఒక సాయంత్రం మంచి పట్టు మీద ఉండగా మా టీవీలో చక్రం పడి సీరియల్ ఆగిపోయింది. ఇంట్లో ఇంకెవరూ చూడరు, అడగడానికి మనిషి లేదు. అత్తయ్యగారు కాసేపు అటూ ఇటూ తిరిగారు. చివరికి ఫోన్ తీసి తణుకు చేశారు. "వదినగారూ, నేనండి, కాకినాడ నుంచి. ఇంతకీ ఆ శారద గేటు దాకా వచ్చిందా, మధ్యలోనే ఆగిపోయిందా?"

ఆ మర్నాడు అమ్మ చేసింది. ఆ తర్వాత అది అలవాటైపోయింది. ఎనిమిదింటికి సీరియల్ అయిపోగానే ఫోన్ మోగాల్సిందే. ముందు పాలవెల్లివారి మంచీ చెడ్డా, తర్వాత మోకాళ్ల నొప్పులు, చింతపండు ధర, నా వంట. నా చిన్నప్పటి దొంగతనాలన్నీ అమ్మ చెప్తుంటే అత్తయ్యగారు పడీపడీ నవ్వేవారు. నేను పైకి విసుక్కునేదాన్ని. నిజం చెప్పాలంటే ఆ గంట కోసం నేను రోజంతా ఎదురుచూసేదాన్ని. నాకున్న ఇద్దరు తల్లులూ నన్ను ఆడిపోసుకుంటూ కలిసి నవ్వుతుంటే, అంతకంటే ఏం కావాలి మనిషికి.

*

పెట్టెని ముందు రెండు వీధుల్లో పెట్టి చూద్దామన్నారు చక్రపాణి గారు. ఒకటి మా వీధి, ఇంకొకటి తణుకులో మా తమ్ముడి వీధి. తెలిసినవాళ్లయితే తిట్టినా మనవాళ్లే తిడతారని ఆయన లెక్క.

మొదటి సాయంత్రం ఏడున్నరకి వీధిలో ఒక్క ఇంట్లో కూడా చక్రం తిరగలేదు. బొమ్మ అద్దంలా వచ్చింది. అత్తయ్యగారు లేచి వెళ్లి పెట్టెకి కుంకుమ బొట్టు పెట్టారు. "పుణ్యం కట్టుకున్నావమ్మాయ్," అన్నారు. మా ఆయన భాస్కరం బ్యాంకులో అందరికీ చెప్పుకున్నాడు. తీగ మీద భారం పావు వంతుకి దిగిపోయింది. దసరా నాటికి కోస్తా జిల్లాలన్నిటికీ పెట్టెలు పంపిద్దామని చక్రపాణి గారు నిర్ణయించేశారు.

వారం పది రోజుల్లో చిన్న చిన్న గుసగుసలు మొదలయ్యాయి. నేను పట్టించుకోలేదు.

"మీ అమ్మగారిని ఒకసారి కంటి డాక్టరుకి చూపించమను అమ్మాయ్. సీరియల్లో పెద్దకోడలు నవ్వితే ఏడ్చిందంటోంది పాపం," అన్నారు అత్తయ్యగారు.

అదే రోజు అమ్మ నాకు విడిగా ఫోన్ చేసింది. "ఏమే, మీ అత్తగారికి మతిమరుపు గానీ వస్తోందేమో కనిపెట్టుకుని ఉండు. ఉన్నది ఒకటైతే ఆవిడ చెప్పేది ఒకటి."

ఒకరి మీద ఒకరికి అంత శ్రద్ధ ఉన్నందుకు నేను మురిసిపోయాను కూడా.

అప్పుడొచ్చింది పాలవెల్లివారి ఇంట్లో పెళ్లి. పెళ్లికొడుకు తల్లి రాజేశ్వరి, పెళ్లికూతురు తల్లి శారద. శారద పళ్లెం పట్టుకుని గేటు దగ్గరికి వస్తుంది. రాజేశ్వరి ఎదురొచ్చి చూస్తుంది. ఉరుము. ఆ రోజుకి అక్కడితో సరి.

ఎనిమిదింటికి ఫోన్ మోగింది. నేను వంటింట్లో దోసకాయ తరుగుతున్నాను. అత్తయ్యగారు స్పీకరు పెట్టుకుని మాట్లాడతారు కాబట్టి అన్నీ వినబడుతూనే ఉంటాయి.

"చూశారా వదినగారూ," అన్నారు అత్తయ్యగారు. "రాజేశ్వరి కళ్లల్లో నీళ్లు ఎలా తిరిగాయో. శారదని చూసేసరికి కరిగిపోయిందండి పాపం."

"నీళ్లా? ఏం నీళ్లండి?" అంది అమ్మ. "కాళ్ల దగ్గర్నించి తల దాకా ఒక్క చూపు చూసింది కదా, పురుగుని చూసినట్టు."

"భలేవారే. మీరు ఏ వంటింట్లోనో ఉండి సరిగ్గా చూసుండరు."

"కుర్చీలో కూర్చుని కళ్లు విప్పుకునే చూశానండి. ఆ చూపు నేనెరుగుదును వదినగారూ. ఇదివరకు చూసిందే."

అత్తయ్యగారి గొంతు మారింది. "ఎక్కడ చూశారేంటి?"

"ఎక్కడో ఎందుకండి. పనసపొట్టు కూర వడ్డించి పక్కన నిలబడితే, అక్కడే చూశాను."

నేను కత్తిపీట దగ్గర్నుంచి లేచేలోగానే అత్తయ్యగారు ఫోన్ పెట్టేశారు. ఆ రాత్రి మజ్జిగ కూడా పోసుకోకుండా లేచిపోయారు. మర్నాడు ఎనిమిదైంది, ఫోన్ మోగలేదు. ఆ తర్వాత రోజూ మోగలేదు.

*

రెండిళ్ల పెట్టెల నకళ్లనీ పరిశోధనశాలలోకి తెప్పించి పక్కపక్కన పెట్టాం. రెండిటికీ అదే భాగం ఇచ్చాం. మా ఇంటి తెర మీద రాజేశ్వరి కళ్లు చెమర్చాయి. తణుకు తెర మీద అదే రాజేశ్వరి, అదే చీర, అదే గేటు, పెదవి ఒక పక్కకి విరిచింది.

"ఈ రెండూ మనం పంపినవి కావు మేడమ్," అంది నస్రీన్.

సీరియల్ తీసినవాళ్ల దగ్గర్నుంచి అసలు బొమ్మ తెప్పించి చూశాను. అందులో రాజేశ్వరి ఊరికే చూస్తుంది. పెదవి కదలదు, కళ్లు చెమర్చవు. ఎండకి కళ్లు కాస్త చికిలించింది. అది కోపమో జాలో భయమో నేను చెప్పలేకపోయాను. నాలుగుసార్లు చూశాను, నాలుగుసార్లూ చెప్పలేకపోయాను. ఆ నటి ఎంత గొప్పదో నాకు అప్పుడు తెలిసింది. మేము పంపనక్కర్లేదని పారేసింది దాన్ని.

ఇంటికెళ్లి అత్తయ్యగారి కాళ్ల దగ్గర కూర్చుని అంతా విడమర్చి చెప్పాను. ఎవరి తప్పూ లేదు, ఎవరికి నచ్చిన చూపు వాళ్లకి వేసిపెట్టింది ఈ పెట్టె అన్నాను. ఆవిడ శ్రద్ధగా విన్నారు.

"సరే, చూపుని పెట్టె మార్చిందంటావు," అన్నారు. "మీ అమ్మ అన్న మాట కూడా పెట్టే అందా?"



*

ఈలోగా మా ఆయన ఒక ఘనకార్యం చేశాడు. పాపం మంచి ఉద్దేశంతోనే చేశాడు, కాదనను. అటకమీద ఉన్న మా పెళ్లి వీడియో క్యాసెట్టుని ఊళ్లో ఎవరిచేతో కంప్యూటర్లోకి ఎక్కించి, పెట్టె ద్వారా మా టీవీలో వేశాడు. పనిలోపనిగా తణుకు కూడా పంపాడు. పాత రోజులు చూసుకుంటే ఇద్దరి మనసులూ కరుగుతాయని ఆయన ఆశ.

"ఎవరు చెయ్యమన్నారండీ మిమ్మల్ని," అన్నాను తెలియగానే.

"మీ పెట్టె పాత వీడియోలు కూడా శుభ్రం చేస్తుందని నువ్వేగా చెప్పావు," అన్నాడు అమాయకంగా.

చేస్తుంది. ముఖం మసగ్గా ఉంటే, దాన్ని కూడా ఆ ఇంటివాళ్లకి నచ్చినట్టు గీసి శుభ్రం చేస్తుంది. కాకినాడలో మా అత్తగారు పనసపొట్టు ముద్ద నోట్లో పెట్టుకుని, తలెత్తి, అమ్మ వైపు చల్లగా నవ్వారు. తణుకులో అదే ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్లు చిన్నవి చేసి, మూతి తిప్పారు.

అమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. "ఇన్నేళ్లూ నన్ను అబద్ధాలకోరుని చేశారు కదే మీరందరూ. ఇప్పుడు చూసుకో." నేను చెప్పేది వినకుండానే పెట్టేసింది.

అత్తయ్యగారు ఏడవలేదు. సాక్ష్యం దొరికిందన్నారు. ఆ ముక్కని వెనక్కి తిప్పి తిప్పి చూశారు. పొద్దున్న కాఫీ తాగుతూ చూశారు, మధ్యాహ్నం భోంచేసి చూశారు. వెనక్కి తిప్పిన ప్రతిసారీ పెట్టె, 'ఓహో, ఇది నచ్చింది కాబోలు' అనుకుని ఇంకాస్త తీపి కలిపింది. నాలుగు రోజులు తిరిగేసరికి వీడియోలో అత్తయ్యగారి చిరునవ్వు చెవుల దాకా వచ్చింది.

ఐదో రోజు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి టీవీ కట్టేసి ఉంది. ఆవిడ చీకట్లో కూర్చుని ఉన్నారు. దీపం వేశాను.

"అమ్మాయ్, మొన్న ఈ వీడియోలో నేను ఇంతలా నవ్వలేదే," అన్నారు.

నేను పక్కన కూర్చున్నాను.

"మామూలుగా చూశానని ఇన్నేళ్లూ అన్నాను. అప్పుడు నా మనసులో ఏముందో నాకు కాస్త గుర్తుండేది. ఇప్పుడు కళ్లు మూసుకుంటే ఈ టీవీలో ముఖమే కనిపిస్తోంది. అసలు నేనెలా చూశానో నాకే తెలీకుండా పోయిందే." ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. ఆవిడ అలా భయపడటం నేను ఎప్పుడూ చూడలేదు.

నాకు కోపం ముంచుకొచ్చింది. ఎవరి మీదో చెప్పలేను, ఎక్కువ భాగం నా మీదే. లేచి వెళ్లి పెట్టె తీగ పీకేశాను. దాని మీద కుంకుమ బొట్టు ఇంకా ఎర్రగానే ఉంది.

*

"నలభై లక్షల ఇళ్లు హైమా గారూ," అన్నారు చక్రపాణి గారు. "ఇద్దరు ముసలమ్మలు అలిగారని ఆపుతామా?"

"నలభై లక్షల ఇళ్లలోనూ వియ్యపురాళ్లు ఉంటారు సార్. తోడికోడళ్లుంటారు. పెళ్లి వీడియోలుంటాయి. ఒక్కో ఇంట్లో ఒక్కో చూపు వేసి ఊరుకుంటే, రేపొద్దున్న ఎవరూ ఎవరితోనూ మాట్లాడుకోడానికి ఏమీ మిగలదు."

"మాట్లాడుకోవడం మన పని కాదు. తీగ నిండకుండా చూడటం మన పని. ఇంకో దారి ఉంటే చెప్పండి."

ఆయన నన్ను పంపేయడానికి అన్నారు గానీ, నా దగ్గర దారి ఉంది. అది కొత్తదేం కాదు, మన చిన్నప్పటి టీవీ పద్ధతే. "వీధిలో అందరూ ఒకే సీరియల్ని ఎవరి ఇష్టం వచ్చినప్పుడు వాళ్లు మొదలుపెట్టడం వల్లే కదా ఇన్ని ధారలు. అందరూ సరిగ్గా ఏడున్నరకే మొదలుపెడితే, ఒక్క ధార వీధి మొదటికి పంపితే చాలు. అక్కణ్నుంచి ఇళ్లన్నీ పంచుకుంటాయి. చూపులతో సహా మొత్తం పంపొచ్చు."

"మధ్యలో ఆపుకోవడం, వెనక్కి తిప్పుకోవడం?"

"తొమ్మిది దాటాక. ఏడున్నరకి మాత్రం కుదరదు."

"జనం ఒప్పుకోరు," అన్నారు ఆయన. "పోపు మాడుతుంటే సీరియల్ ఆగాలంటారు."

"పోపు ముందే పెట్టుకుంటారు. మనవాళ్లు పెట్టుకోలేదా ఇదివరకు?"

చివరికి ఆయన మళ్లీ అవే రెండు వీధులు ఇచ్చారు, దసరా దాకా గడువు పెట్టి. "తిట్టేవాళ్లు మీ ఇంటికే వస్తారు, చూసుకోండి మరి," అన్నారు. ఆయన మరీ చెడ్డ మనిషేం కాదు.

*

ఆదివారం అత్తయ్యగారిని కార్లో కూర్చోబెట్టుకుని తణుకు బయల్దేరాను. ఎందుకంటే మాత్రం చెప్పలేదు. రావులపాలెం వంతెన దాటేదాకా ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. తర్వాత "మీ అమ్మ ఇంట్లోనే ఉందా," అన్నారు. ఉందన్నాను. కొప్పు సవరించుకున్నారు.

అమ్మ తలుపు తీసి, ఒక్క క్షణం ఆగి, "రండి వదినగారూ," అంది. మర్యాదకి లోటు లేదు. కాఫీ వచ్చింది, మంచినీళ్లు వచ్చాయి, అరటిపళ్లు వచ్చాయి. ఇద్దరూ సోఫాకి చెరో చివరా కూర్చుని గోడ మీద క్యాలెండరు చదువుకుంటున్నారు.

నేను లాప్‌టాప్ తెరిచి, మధ్యలో బల్ల మీద పెట్టాను. క్యాసెట్టులో ఉన్నది ఉన్నట్టుగా, పెట్టె కలపకుండా వేశాను. సన్నాయి బుసలు కొడుతూ వచ్చింది. భోజనాల బంతి వచ్చింది. అరిటాకులు వచ్చాయి. గడ్డాల పెద్దలెవరో అడ్డం వచ్చి తప్పుకున్నారు. అత్తయ్యగారు ముద్ద నోట్లో పెట్టుకుని తలెత్తారు. అక్కడ ఆపాను.

ముఖం ఉండాల్సిన చోట గోధుమరంగు మరక ఉంది. అందులో రెండు నల్లటి చుక్కలు, అంతే.

"ఇదేంటే, ఏమీ కనబడట్లేదు," అంది అమ్మ. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది.

"ఇంతే ఉందమ్మా. ఆ రోజు కెమెరా తీసింది ఇంతే. మిగతాది మీ ఇంట్లో మీకూ, మా ఇంట్లో మాకూ నా పెట్టె గీసిపెట్టింది."

ఇద్దరూ ముందుకి వంగి ఆ మరకనే చూశారు. వీధిలో ఎవరో అప్పడాలమ్ముకుంటూ వెళ్లారు. ఇప్పుడు కలవకపోతే ఇక కలవరని నాకు తెలుసు.

ముందు మాట్లాడింది అత్తయ్యగారు.

"వదినగారూ, చిన్నచూపే చూసుంటానండి."

అమ్మ ఆవిడ వైపు తిరిగింది.

"మగపెళ్లివారినని ఆ రోజుల్లో నాకు కాస్త మిడిసిపాటుండేది. కూర బావుందో బాలేదో కూడా గుర్తులేదు. ఎలా చూశానో నాకెలా తెలుస్తుందండి, ఎవరి చూపు వాళ్లకి కనబడదు కదా. ఎదురుగా ఉన్నది మీరు. మీకు నొప్పి కలిగిందంటే, అలాగే చూసుంటాను."

అమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అబ్బే, లేదండి," అంది చివరికి. "ఆ పొద్దున్నించీ నేనే హడలి చచ్చిపోతున్నాను, ఆవ ఎక్కువైపోయిందని. మొదటి పెళ్లి, ఒక్కగానొక్క కూతురు. ఆ రోజు దేవుడు దిగొచ్చి చూసినా నాకు మూతి తిప్పినట్టే ఉండేది. మీరు మామూలుగానే చూసుంటారు."

"కాదండి, నాది తప్పు."

"మీది కాదంటున్నానుగా. నాది."

"పెద్దదాన్ని, ఒప్పుకుంటున్నాను కదండీ, ఒప్పుకోనివ్వరేం?"

"ఎలా ఒప్పుకోనిస్తానండి, ఇన్నేళ్లూ ఊరంతా చెప్పుకున్నది నేనైతే?"

గొంతులు పెరిగాయి. పక్కగదిలోంచి మా మరదలు కంగారుగా తొంగిచూసింది. అమ్మ నా వైపు తిరిగి, "ఏమే, బెల్లంకొట్టిన రాయిలా కూర్చుంటావేం, నువ్వైనా చెప్పు ఆవిడకి," అంది. అత్తయ్యగారు ఇంకో పక్క నుంచి నా భుజం పట్టుకుని, "నువ్వే చెప్పమ్మాయ్ మీ అమ్మకి," అన్నారు. నేను చెప్పేదేముంది. ఇద్దరి మధ్యా కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చేశాను. అప్పుడు ఇద్దరూ పోట్లాట ఆపి నన్ను పట్టుకున్నారు.

*

కొత్త పద్ధతి మొదలైన వారం నిజంగానే జనం మా ఇంటికొచ్చి తిట్టారు. ఎదురింటాయన స్నానం వేళ మార్చుకోనని భీష్మించుకున్నాడు. నాలుగిళ్లవాళ్లు వేరే కంపెనీకి మారిపోయారు. తర్వాత తర్వాత ఏడింటికే వీధిలో పోపులు ఘుమఘుమలాడటం మొదలైంది. ఏడున్నరకి వీధంతా ఒకేసారి ఉరుములు. ఒక ఇంట్లో నిట్టూరిస్తే పక్కింట్లో వినబడుతోంది. దసరాకి చక్రపాణి గారు పెట్టెలు పంపలేదు. ఇంకో పది వీధులు ఇచ్చారు.

తీగకి భారం తగ్గింది గానీ పూర్తిగా తీరలేదు. ఒక్కోసారి పండగ పూటో, క్రికెట్టు పూటో పెద్ద లైను నిండిపోయి చక్రం వచ్చేస్తూనే ఉంటుంది. అప్పుడు అందరికీ ఒకేసారి వస్తుంది.

నిన్న సాయంత్రం అలాగే వచ్చింది. ఇప్పుడు ఇద్దరూ ఎనిమిదింటి దాకా ఆగడం లేదు. ఒకేసారి వస్తోంది కదా అని ఏడున్నరకే ఫోన్ కలుపుకుని కూర్చుంటున్నారు. రాజేశ్వరి ఏదో అంది. ఉరుము పడింది. శారద ఇటు తిరగబోతోంది. సరిగ్గా అప్పుడు బొమ్మ బిగుసుకుపోయింది.

"వదినగారూ, మీకూ ఆగిపోయిందా?" అన్నారు అత్తయ్యగారు.

"ఆయ్, ఆగిపోయిందండి. ముఖం సగమే తిరిగింది."

"నాకూ సగమే ఉంది. కోపంగా ఉన్నట్టుందా మీకు?"

"అప్పుడే ఏం చెప్పగలనండి. పూర్తిగా తిరగనివ్వండి."

"అవునులెండి. తిరగనివ్వండి."

నేను పరిశోధనశాలకి ఫోన్ చేసి లైను సంగతి అడుగుదామని లేచాను. తెర మీద చక్రం తిరుగుతోంది. అత్తయ్యగారు ఫోన్ చెవికి ఆనించుకుని, రెప్ప వేయకుండా ఆ సగం ముఖాన్ని చూస్తున్నారు. అవతల తణుకులో మా అమ్మ ఊపిరి తీసుకోవడం స్పీకర్లో వినబడుతోంది. ఇద్దరిలో ఎవరికీ తొందర లేదు.

ఫోన్ చేయలేదు. వెళ్లి అత్తయ్యగారి పక్కన కూర్చున్నాను. శారద ఎలా చూస్తుందోనని నాకూ ఆత్రంగానే ఉంది.